‘బాండ్ లెక్క లేదు’ అంటే ఏం లెక్క?

హనుమకొండ

బిడ్డా,

బాండ్ పాటల మీద నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలు అందినయి. రెండుసార్లు చదివిన. మొదటిసారి పొద్దున చాయ తాగుకుంట, రెండోసారి రాత్రి, నువ్వు చెప్పిన పాటలన్నీ ఒక్కొక్కటే పెట్టి వినుకుంట.

మొదటి పేజీ మస్తున్నది. చౌరస్తల చాయ హోటల్, ముగ్గురు సోపతిగాళ్లు, నడుమల ఒక ఫోన్. గూఢచారి జేమ్స్ బాండ్ వచ్చే సినిమాకు పాట ఎవరు పాడాలె అని కొట్లాట. ఇంకా చెవిన పడని పాట కోసం ఒకడు కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు. గ్లాసులల్ల చాయ మీద మీగడ కట్టింది, ఎవరూ చూస్తలేరు. నువ్వు చూసినవు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్న.

రెండో పేజీ నుంచి ఆ పిలగాండ్లు మాయమైన్రు. బాండ్ పాట 1964ల షిర్లీ బాసీ పాడింది, 1973ల పాల్ మెకార్ట్నీ, 2012ల అడెల్, ఎవరికి ఆస్కార్ వచ్చింది, ఎవరికి రాలే. అన్నీ నిజమే గానీ కిరాణం చిట్టీ చదివినట్టున్నది. అదంతా తీసెయ్. రెండు మూడు పేర్లు సాలు.

పెన్సిల్‌తోని ఒక మాట కింద గీతలు పెట్టిన. ఏడు గీతలైనయి. “అది బాండ్ పాట లెక్క లేదు.” ఆ ముగ్గురు ఏడుసార్లు అన్నరు, నువ్వు ఏడుసార్లు దాటిపోయినవు. నువ్వు రాయాల్సిందంతా ఆ ‘లెక్క’ల ఉన్నది బిడ్డా. ఎవని లెక్క ఏంది? ఏం వింటే బాండ్ అనిపిస్తది, ఏది లేకుంటే అనిపియ్యది?

మన దగ్గర ఈ కొట్లాట ఏటేటా అయితది. బతుకమ్మకు నెల ముందుకెల్లే కొత్త పాటలు వస్తయి. ఒక ఏడు మా వాడకట్టుల డీజే పెట్టిన్రు. ఒక ముసలవ్వ రెండు చుట్లు ఆడి పక్కకు జరిగింది. ఏందవ్వా అంటే, “పాట మంచిగనే ఉన్నది బిడ్డా, వంగే జాగ లేదు” అన్నది. నాకు సమజ్ కాలే. ఇంటికొచ్చి తలుపేసుకొని, పాత పాట పాడుకుంట నడుము వంచి చూసిన. ‘ఉయ్యాలో’ అన్నకాడ వంగి చప్పట్లు కొట్టాలె, లేచేటప్పుడు ఊపిరి పీల్చుకోవాలె. కొత్త పాటల ఉయ్యాలో ఉన్నది గానీ దాని ఎన్క ఊపిరికి సందు లేదు. తాళం ఉరుకుతనే ఉన్నది. అవ్వకు సంతకం రాదు. కానీ లోపం ఎక్కడున్నదో వేలు పెట్టి చూపించింది. ‘బాగుంది’, ‘బాగలేదు’ అని నేను అప్పటిదాక రాసిన సమీక్షలల్ల అంత సక్కటి మాట ఒక్కటి లేదు.

బాండ్ పాటల వంగే జాగ ఏదో నువ్వు పట్టుకోవాలె. మా బాపు భజన హార్మోనియం ఇంట్ల ఉన్నది, దాని మీద వెతికిన. షడ్జం, అంటే ‘స’, ఆపకుండ మోగనియ్యి. పైన పంచమం, అంటే ‘ప’, పట్టు. ఒక మెట్టు ఎక్కు, ఇంకో మెట్టు ఎక్కు, మళ్ల ఒకటి దిగు. పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, మళ్ల శుద్ధ ధైవతం. నాలుగు చుట్లు తిప్పేసరికి చీకట్ల ఎవరో ఎన్కకెల్లి నడిచి వస్తున్నట్టు వెన్నుల జలదరిస్తది. 1962ల వచ్చిన మొదటి సినిమా ‘డాక్టర్ నో’ బాణీ అడుగున నడిచేది ఈ మెట్లే. అడెల్ ‘స్కైఫాల్’ మొదట్ల చెవి పెట్టు, మళ్ల ఇవే. “ఇదిరా బాండ్ అంటే” అని నీ పిలగాడు బల్ల గుద్దింది ఆ పాటకే కదా. ఎందుకు గుద్దిండో వానికి తెల్వది. నువ్వు చెప్పాలె.

ఇంకొకడు “ఇది పక్కా ఇంగ్లీషోళ్ల సంగీతం, మన చెవికి ఎక్కది” అన్నడని రాసి వదిలేసినవు. వదలకు. ‘డాక్టర్ నో’ గిటార్ బాణీని మాంటీ నార్మన్ అనే సంగీతకారుడు మొదట కట్టింది గూఢచారి కోసం కాదు. వి.ఎస్. నైపాల్ నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్’ను పాటల నాటకం చేద్దామనుకున్నప్పుడు కట్టిండు. ట్రినిడాడ్‌కు చెరుకు తోటల కూలికి పోయిన మన దేశపోళ్ల వంశం కథ అది. ఆ పాటల మనిషి తన తుమ్ము అపశకునమని చెప్పుకుంటడు! నాటకం ముందుకు పోలే, బాణీ పెట్టెల పడి ఉన్నది. డాక్టర్ నో పని వచ్చినప్పుడు బయటికి తీసిండు, జాన్ బ్యారీ దానికి వాద్యాలు కూర్చిండు. తుమ్ము పాట తుపాకి పాటయింది. బయటికి పోయేటప్పుడు ఎవరన్న తుమ్మితే ఆగి నీళ్లు తాగే ఇండ్లల్ల పుట్టినోళ్లం మనం. గా పిలగానికి ఈ ముచ్చట చెప్పి, వాని మొఖం చూసి రాయి.

నేను చేసిన తప్పొకటి చెప్త. 2020 ఫిబ్రవరిల ‘నో టైమ్ టు డై’ అనే బాండ్ సినిమాకు బిల్లీ ఐలిష్ పాడిన పాట వచ్చింది. రాత్రికి రాత్రి ఫోన్‌ల విని, ‘గొంతుల సత్తువ లేదు’ అని ఒక పేజీ రాసిన. అచ్చయింది. కరోనాతోని సినిమా ఏడాదిన్నర ఆగింది. 2021ల థియేటర్‌ల కూసుంటే, బాండ్ తను ప్రేమించిన మనిషిని అనుమానించి రైలెక్కిస్తడు. తలుపు మూసుకుంటది, రైలు కదుల్తది. ఆమె వాని కోసం చూసుకుంట డబ్బాలల్లకెల్లి నడుస్తది. అప్పుడు మొదలైతది పాట. అక్కడ గొంతెత్తి పాడితే ఆ మనసు ఇరిగిపోతది. పాట వచ్చేనాటికి ఐలిష్‌కు పద్దెనిమిదేండ్లు, జాగ ఎరిగి మెల్లగ పాడింది. ఆఖరుకు ఒక్క గిటార్ మోత. 1962 బాణీ చివర మోగేదే. ఫోన్‌ల అది నా చెవిన పడలే. ఆ పేజీ ఇప్పటికీ నన్ను గుచ్చుతది. బాండ్ పాటలు సినిమా మొదట్ల పేర్లు పడేటప్పుడు, ముందటి సీను వేడి ఆరకముందే వస్తయి. ఏ సీను ఎన్క వస్తదో చూడకుండ ఒక్క పాటకు కూడ తీర్పు రాయకు.

ఇంకొకటి. నీ పిలగాండ్లతోని ‘నా అభిప్రాయం ప్రకారం’ అనిపించినవు. పరకాల పోరడు చాయ హోటల్ల అట్ల మాట్లాడుతడా? కాళోజీ తిరిగిన ఊరు బిడ్డా ఇది. వాళ్లు ఎట్ల అన్నరో అట్లనే రాయి.

ఇగ ఆ మూడోవాడు. ‘అతడు ఏమీ మాట్లాడలేదు’ అని ఒక్క వాక్యం రాసి ఊకున్నవు. కానీ మిగిలిన ఇద్దరు కొట్లాడుతుంటే వాడు ఫోన్ తీసుకొని చెవికి ఆనించుకున్నడని కూడ నువ్వే రాసినవు. ఏ పాట విన్నడు? మొదటి బాండ్ సినిమా ఏ ఊర్ల, ఎవరి పక్కన కూసుండి చూసిండు? పోయి అడుగు. ఎంగిలిపూల బతుకమ్మనాడు మా ఇంటికి వస్తవు కదా, ఆ పేజీలు పట్టుకరా. హార్మోనియం దుమ్ము తుడిచి పెడ్త.

నీ
పెద్దమ్మ