ఒక్క ముక్క అర్థం కాని పాటలంటే ఆ ఫ్యాన్స్‌కి అంత పిచ్చేంటి?

అడిగినాయన ప్రశ్న ఇది: కాక్టో ట్విన్స్ అనే పాత స్కాట్లాండ్ బ్యాండ్‌లో పాడే ఆవిడ ఏం అంటోందో ఇంగ్లీషు వాళ్లకే తెలీదట కదా, మరి ఫ్యాన్స్ అంతలా పడి చస్తారేంటి, నిజంగా ప్రేమా లేక ఫోజా అని. ఫోజు అన్నారు కాబట్టి రాస్తున్నా. లేకపోతే రాత్రి పదకొండింటికి నాకీ పని లేదు, పొద్దున్న ఎనిమిదికి డ్యూటీ.

మా చిన్నమావయ్య షిప్పులో ఇంజిన్ రూమ్‌లో చేసేవాడు. ఏడాదికోసారి దిగేవాడు, దిగినప్పుడల్లా వైజాగ్ శ్రీహరిపురంలో మా ఇంటికి ఒక ఎయిర్‌బ్యాగ్ పట్టుకొచ్చేవాడు, అందులో చాక్లెట్లు, సెంటు బాటిళ్లు, మా నాన్నకి ఒక టీషర్టు, ఇవి మామూలే. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకసారి వాటితో పాటు ఒక క్యాసెట్ తెచ్చాడు. రోటర్‌డామ్‌లో ఏదో షాపు బయట బుట్టలో పడేసి చవగ్గా అమ్ముతుంటే కొన్నాట్ట. ఎందుకు కొన్నాడంటే పేరులో లాస్ వేగాస్ అని ఉంది కాబట్టి డిస్కో పాటలనుకున్నాడు. హెవెన్ ఆర్ లాస్ వేగాస్, 1990లో వచ్చిన ఆల్బం. కవర్ మీద మనుషుల బొమ్మల్లేవు, రంగురంగుల లైట్లు అలికేసినట్టు ఏదో ఉంది. టూ-ఇన్-వన్‌లో పెట్టి రెండు నిమిషాలు విని "ఇది పనికిరాదురా, నువ్వుంచుకో" అని నా చేతిలో పెట్టేశాడు. మా నాన్నైతే పక్క గదిలోంచి "ఎవర్రా ఆవిడ, పంటి నొప్పా?" అన్నాడు.

నాకూ ఏం అర్థం కాలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆ గొంతు ఒక చోట పైకి వెళ్తుంది, ఇంక అక్కడితో ఆగిపోతుందిలే అనుకుంటాం, అక్కణ్ణించి ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఎక్కి మళ్లీ చిన్నపిల్ల గోడ దిగినట్టు జారుకుంటూ దిగుతుంది. వెనకాల గిటార్ ఉంటుంది గానీ గిటార్‌లా ఉండదు, భీమిలి రోడ్డులో చలికాలం పొద్దున్నే పొగమంచు పట్టేస్తుంది చూడండి, అలా ఉంటుంది. డాబా మీద పడుకుని వినేవాణ్ణి. అటువైపు రిఫైనరీ మంట రాత్రంతా వెలుగుతూ ఉండేది, మాకు కరెంటు పోయినా దానికి పోదు.

ట్విన్స్ అని పేరు ఉంది కాబట్టి చాలా ఏళ్లు ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు పాడుతున్నారనే అనుకున్నా. 2001లో ద్వారకానగర్‌లో గంటకి ముప్ఫై రూపాయలిచ్చి నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికితే తెలిసింది, కవలలూ లేరు ఏం లేరు, పాడేది ఎలిజబెత్ ఫ్రేజర్ అని ఒక్కావిడే, గిటార్ రాబిన్ గత్రీ, బేస్ సైమన్ రేమండ్, డ్రమ్స్‌కి మనిషి కూడా లేడు, మెషీనే. ఇంకో పిడుగు ఏంటంటే బ్యాండ్ 1997లోనే విడిపోయింది. అంటే నేను నాలుగేళ్లుగా లేని బ్యాండ్‌కి ఫ్యాన్‌ని. పక్క సిస్టమ్‌లో కుర్రాడు ఇంటర్ రిజల్ట్ చూసుకుని ఏడుస్తున్నాడు, వాడికంటే నా మొహమే అన్యాయంగా ఉండుంటుంది.

అదే రోజు ఇంకో సంగతి కూడా చదివా. ఈ బ్యాండ్ 1979లో మొదలైంది గ్రేంజ్‌మౌత్ అనే ఊళ్లో. ఆ ఊరెలాంటిదయ్యా అంటే ఒక పక్క పోర్టు, ఒక పక్క ఆయిల్ రిఫైనరీ, పొగ గొట్టాలు. మా శ్రీహరిపురమే! ఫ్రేజర్ పుట్టి పెరిగింది అక్కడే. ఇంత మబ్బుల్లో తేలే గొంతు ఏ కొండ కోనల్లోంచో వచ్చుంటుందని అందరూ అనుకుంటారు గానీ నాకైతే అస్సలు ఆశ్చర్యం వేయలేదు. ఎప్పుడూ కిరోసిన్ వాసన కొట్టే గాలిలో పెరిగినవాళ్లకే అలాంటి గొంతు వస్తుందని నా గట్టి నమ్మకం, దీనికి నా దగ్గర రుజువులేం లేవు, అడక్కండి. ఆ రిఫైనరీలో 2025 ఏప్రిల్‌లో ఆయిల్ శుద్ధి చేయడం ఆపేశారు, ఆ వార్త చూసినప్పుడు నాకు ఎవరో మేనత్త ఊరి కబురు విన్నట్టు అనిపించింది.

సరే, అర్థం కాకపోవడం దగ్గరికి వస్తా. ఆవిడ పాడే మాటల్లో కొన్ని ఇంగ్లీషే, కొన్ని తనకే రాని భాషల పుస్తకాల్లోంచి చప్పుడు నచ్చి ఏరుకున్నవి, కొన్ని సొంతంగా అల్లుకున్నవి. నా క్యాసెట్ అట్టలో పాటల సాహిత్యం వెతికితే ఒక్క లైన్ లేదు. దీనికి జనం "అర్థం లేని పాటలేం పాటలండీ" అంటారు. అనేవాళ్లని నేనొకటే అడుగుతా. మీ అమ్మ మిమ్మల్ని ఉయ్యాల్లో వేసి "ళుళుళు హాయి" అన్నప్పుడు అర్థం అడిగారా? నోరు మూసుకుని పడుకున్నారుగా. మన కచేరీల్లో అర్థమున్న మాట ఒక్కటీ లేకుండా తానం పాడుతుంటే పక్కాయన్ని గోకి ఇదేం మాటండీ అని ఎవడైనా అడుగుతాడా? ఇంగ్లీషు పాట అయ్యేసరికి మాత్రం మనకి డిక్షనరీ కావాలి.

దీనికంటే ఒళ్లు మండే విషయం లిరిక్స్ సైట్లు. ఎవడో ఒకడు తన చెవికి ఏది వినపడితే అది టైప్ చేసి పెట్టేస్తాడు, ఇంకో పది సైట్లు దాన్నే ఎత్తి రాసుకుంటాయి, ఇంక అదే వేదం. ఈమధ్య ఫోన్లో పాట పెట్టగానే అడక్కుండానే కింద లైన్లు పరిగెడతాయి. మావాడు, తొమ్మిదో క్లాసు, అవి చూస్తూ "డాడీ, నువ్వు పాడేది తప్పు" అంటాడు. ఒరే గుంటడా, నేను ముప్ఫై ఏళ్లుగా తప్పు పాడుతున్నాను, నాకు చెప్తావా.

నా ఉద్దేశం ఏంటంటే ఈ బ్యాండ్‌కి నిజమైన ఫ్యాన్ ఎవరంటే తన తప్పు మాటలు తనకి ఉన్నవాడు, ఉండి వాటి కోసం ఎవరితోనైనా దెబ్బలాడేవాడు. ఇది నాకు తెలిసింది హుద్‌హుద్ తుఫాను అప్పుడు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పటికి మేం ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. మధ్యాహ్నానికి కిటికీ అద్దాలు పోయాయి, గేటు దగ్గర వేపచెట్టు వేళ్లతో సహా లేచి స్కూటర్ల మీద పడింది, సాయంత్రానికి చూస్తే కైలాసగిరి ఎవరో పచ్చదనం గీకేసినట్టు గోధుమ రంగులో ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, మోటార్ లేదు కాబట్టి నీళ్లు లేవు. పాల ప్యాకెట్ ఎంతకి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ నిజం చెప్పలేదు.

మూడో రోజు రాత్రి అందరం టెర్రస్ మీద చేరాం, ఇళ్లల్లో ఉక్క. ఎవరో వార్తలు వింటే బాగుండు అన్నారు. నేను అటక మీంచి ఆ పాత టూ-ఇన్-వన్ దింపి, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల టార్చిలైట్లలోంచి నాలుగు పెద్ద సెల్స్ లాగి వేశా. రేడియో గరగర తప్ప ఏం రాలేదు. ఆ గరగర భరించలేక ఎవరో "పోనీ పాటలైనా పెట్టవయ్యా" అన్నారు. లోపల ఉన్నది ఒకటే క్యాసెట్, మావయ్య తెచ్చింది. పెట్టడానికి నాకు సిగ్గేసింది నిజంగా. అంత చీకట్లో, అంత మంది మధ్యలో, ఎవరేమనుకుంటారో అని. పెట్టేశా.

రెండు పాటలు ఎవరూ మాట్లాడలేదు. మూడో పాటలో మూడో ఫ్లోర్ మామ్మగారు, ఆమదాలవలస వైపు ఆవిడ, చాప మీద పడుకున్నావిడ లేచి కూర్చుంది.

"ఎవులు బాబూ ఇది పాడతంది?"

"స్కాట్లాండ్ ఆవిడ మామ్మగారూ."

"ఏటి సెప్తంది?"

"ఎవరికీ తెలీదు మామ్మగారూ. ఇంగ్లీషోళ్లకే తెలీదంట."

"తెల్దేటి? ఎల్లిపోనాది, ఎల్లిపోనాది అంతంది గదేటి. నీకు ఇనబళ్ళేదా?"

నేను నవ్వి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టా. ఒట్టు, ఉంది. ఎల్లిపోనాది, అంత స్పష్టంగా. పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను, నాకెప్పుడూ వినపడలేదు. అంతే, ఇంక టెర్రస్ మీద గోల మొదలైంది. బ్యాంకులో చేసే రావుగారు అది కాదండీ "వెన్నెలా రాలేదా" అంటోంది అన్నారు. ఎదురు ఫ్లాట్ పిల్ల ఐస్‌క్రీమ్ అంది. మా ఆవిడ, పెళ్లయిన దగ్గర్నుంచి ఈ క్యాసెట్ పెడితే వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి, "పాలకోవా అని ఎంత బాగా వినపడుతోంటే ఏంటి మీ గొడవ" అంది. వెనక్కి తిప్పడం, మళ్లీ పెట్టడం, అదిగో అదిగో అనడం, కాదు కాదు అనడం. మూడు రోజుల్లో ఆ బిల్డింగ్‌లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. మామ్మగారు మాత్రం నవ్వలేదు. రోజూ సాయంత్రం ఆవిడ కుర్చీ వేసుకునేది ఆ వేపచెట్టు కిందే.

ఏడెనిమిది సార్లు తిప్పేసరికి సెల్స్ అయిపోవచ్చాయి, ఫ్రేజర్ గొంతు మెల్లిమెల్లిగా బండపడి, మగాడి గొంతులా అయి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఆగిపోయింది. మామ్మగారు చాలా కంగారుపడింది. "పాపం గుంటకి గొంతు పోనాది, కాసిని నీల్లియ్యండర్రా" అంది. నీళ్లెక్కడున్నాయి మామ్మగారూ, ఉన్న రెండు బిందెలూ పొద్దున్నకి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఫోజు ఎవరిది? మామ్మగారిదా?

ఈ బ్యాండ్ ఫ్యాన్స్ పడ్డ బాధలు కూడా మామూలువి కాదు లెండి. 2005లో అమెరికాలో కోచెల్లా ఫెస్టివల్‌కి ముగ్గురూ మళ్లీ కలుస్తున్నారని అనౌన్స్ చేశారు, ఆ తర్వాత ఫ్రేజర్ నా వల్ల కాదు అంది, అయిపోయింది. అప్పట్లో ఆవిణ్ణి తిట్టినవాళ్లు ఉన్నారు. ఆవిడా గత్రీ ఏళ్ల తరబడి కలిసి బతికి, ఒక పాపని కని, 1993లో విడిపోయి, విడిపోయాక కూడా ఇంకో నాలుగేళ్లు ఒకే బ్యాండ్‌లో చేశారు. విడిపోయిన మనిషి పక్కన నిలబడి మళ్లీ పాడమంటే మీరు పాడతారా? పాటలు ఇచ్చింది చాలదూ, ప్రాణం కూడా ఇవ్వాలా. 2012లో లండన్‌లో ఒంటరిగా స్టేజి ఎక్కింది. మా పెద్దమ్మ కొడుకు అప్పుడు లండన్‌లోనే ఉద్యోగం, వెళ్లరా బాబూ, ఫోన్లో ఒక్క పాట రికార్డ్ చెయ్యరా అని బతిమాలితే టికెట్ ఖరీదు అని ఇంట్లో పడుకున్నాడు. వాడితో పెళ్లిళ్లలో కూడా పొడిపొడిగానే మాట్లాడతా.

వెదవ గొడవలు పక్కన పెడితే ఒక మంచి సంగతి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి భాగం థియేటర్లో చూస్తున్నా, ఆ ముసలి మాంత్రికుడు పడిపోయాక మిగతావాళ్లంతా ఏడుస్తూ అడవిలోకి వస్తారు, అక్కడ వెనకాల ఒక ఆడగొంతు శోకంలా వస్తుంది. నేను సీట్లోంచి లేచిపోయి "ఒరే, మా ఆవిడరా" అని అరిచా, అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు. నా ఫ్రెండు చొక్కా పట్టుకుని కూర్చోపెట్టాడు. తర్వాత చూస్తే ఆవిడే. పాడింది ఆ కథ రాసినాయన కల్పించిన ఎల్ఫులనే వాళ్ల భాషలోనట. ఇన్నాళ్లకి ఆవిడకి తగిన భాష దొరికింది అనుకున్నా.

ఇంకోటి గమనించండి, 1993 ఆల్బంలో మాటలు ముందుకంటే బాగా తెలుస్తాయి. ఆవిడ కష్టాలే అందులో ఉంటాయి. మంచి పాటలే. కానీ నాకు అది వింటుంటే పక్కింటి వాళ్ల గొడవ గోడకి చెవి పెట్టి విన్నట్టు ఉంటుంది, మధ్యలోనే తీసేస్తా.

ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి అని కూడా చివర్లో అడిగారు. ఆ లాస్ వేగాస్‌తోనే మొదలుపెట్టండి. రీల్స్‌లో వచ్చే పదిహేను సెకన్ల ముక్క వద్దు, మొదటి పాట నుంచి చివరి దాకా, ముప్ఫై ఎనిమిది నిమిషాలు కూడా ఉండదు, ఇసుకతోట నుంచి గాజువాక వెళ్లేలోపు అయిపోతుంది, ట్రాఫిక్ ఉంటే రెండుసార్లు వినొచ్చు. ఫోన్లో కింద పరిగెత్తే లైన్లు మాత్రం ఆపేయండి. విన్నాక మీకేం వినపడిందో కామెంట్లో రాయండి. పాలకోవా అని మాత్రం రాయకండి, మా ఆవిడ ఈ జవాబు చదువుతుంది, ఇంట్లో నేను తట్టుకోలేను.