బాయిలరులో పోసే నీళ్ళ గురించి అల్లుడికి

అల్లుడూ,

గ్యాస్ మంటతో నడిచే ఆ బుల్లి ఆవిరి రైలింజన్ వచ్చిందని, రేపే వెలిగిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రెండు రోజులు ఆగు. పట్టాల సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి మాట్లాడాలి.

నల్లగొండ బోరు నీళ్ళు ఎట్లాంటివో నీకు చెప్పాలా? మీ గీజరు విప్పితే తెల్లటి పెచ్చులు రాలుతాయి కదా, బాయిలరులోనూ అదే జరుగుతుంది. ఆవిరై పోయేది నీళ్ళే, సున్నం అక్కడే గడ్డకడుతుంది. ముందు నీటి మట్టం చూపే సన్నటి గాజు గొట్టం మసకబారుతుంది, తర్వాత ఒత్తిడి ఎక్కువైతే ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ సరిగ్గా మూసుకోదు. ఫిల్టర్ క్యాన్ నీళ్ళలోనూ కొంత ఉప్పు మిగులుతుంది. నేను వాన నీళ్ళే వాడతాను. మేడ మీద పడి జారిన నీళ్ళు వద్దు, సిమెంటులోని సున్నం దిగుతుంది. మొదటి జల్లు పోనిచ్చి ఆరుబయట స్టీలు గిన్నె పెట్టు, పల్చటి బట్టతో వడకట్టు, సీసాల్లో దాచుకో.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. ఈ ఇంజన్లలో గ్యాస్ ట్యాంకును కావాలనే చిన్నగా చేస్తారు. నీళ్ళు అయిపోకముందే మంట ఆరిపోవాలని. గ్యాస్ మళ్ళీ నింపినప్పుడల్లా నీళ్ళు చూసి తీరాలి. మూడేళ్ళ కింద పక్కింటి పిల్లలు "ఇంకొక్క రౌండు తాతా" అంటే నేను గ్యాస్ ఒక్కటే నింపి వదిలేశాను. గాజు గొట్టం అంచుదాకా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా చూడటానికి ఒకేలా ఉంటుంది. నిండుగా ఉందనుకున్నాను. బోగీలు లాగలేక ఆగిపోయాక దగ్గరికి వెళ్తే బాయిలరు పక్కన రంగు పొక్కులెత్తి, కాలిన వాసన. గ్యాస్ కట్టేసి గంటసేపు ముట్టుకోలేదు. వేడి మీద చల్లటి నీళ్ళు పోసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

వంట సిలిండరు గ్యాస్ జోలికి మాత్రం పోవద్దు. అందులో ప్రొపేన్ కలుస్తుంది, దాని ఒత్తిడి ఈ చిన్న ట్యాంకు తట్టుకునేది కాదు. బ్యూటేన్ డబ్బానే వాడు, ఆరుబయట, దగ్గర్లో ఏ మంటా లేనప్పుడు నింపు. చలిదేశాల వాళ్ళు ట్యాంకుకు గోరువెచ్చటి నీళ్ళు పెడతారు. మనకు ఏప్రిల్ ఎండలో దాన్ని చల్లగా ఉంచుకోవడమే పని. నింపిన ఇంజన్‌ను ఎండలో పెట్టకు. అసలు పొద్దున్నే నడుపు, చల్లగాలిలో ఆవిరి తెల్లగా కనబడుతుంది.

నూనె విషయానికొస్తే, బండి ఇంజన్ ఆయిల్ పనికిరాదు, పిస్టన్లు ఆడే ఆవిరి సిలిండర్లకు వాడే నూనే కావాలి. లూబ్రికేటరులోకి, అంటే నూనె పోసే చిన్న డబ్బాలోకి, వచ్చిన ఆవిరి నీరై అడుగుకు చేరుతుంది, ఆ నీళ్ళు నూనెను పైకి నెడతాయి. ఆట అయ్యాక ఆ నీళ్ళను సిరంజితో లాగేయి. బయలుదేరేముందు ఇంజన్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ నెట్టు, సిలిండర్లలోని నీళ్ళు పొగగొట్టంలోంచి వేడిగా చిమ్ముతాయి. ముఖం దగ్గర పెట్టకు.

పట్టాలు మధ్య దూరం 45 మిల్లీమీటర్లు ఉన్నవే తీసుకున్నావు, సంతోషం. మన పాత మీటర్ గేజును, అంటే మీటరు వెడల్పు రైలు పట్టాలను, 22.5 రెట్లు చిన్నది చేస్తే దాదాపు ఇదే. పాలమూరు స్టేషన్లో ఇంజన్ ఆగి, స్తంభానికి వేలాడే గొట్టంతో నీళ్ళు పట్టుకోవడం చూస్తూ నేను బడికి ఎగనామం పెట్టేవాణ్ణి. కింద షాబాద్ బండలు పరిచి లెవెల్ చూసుకో. అతుకుల దగ్గర సందు వదులు, 20 మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీల తేడాకు దాదాపు 11 మిల్లీమీటర్లు సాగుతుంది.

ఆదివారం ఆరింటికల్లా రెండు సీసాల వాన నీళ్ళు పట్టుకుని వస్తాను. అప్పటిదాకా ఇంజన్‌ను వెలిగించకుండా పట్టాల మీద చేత్తో నెట్టి చూడు. ఎక్కడ పట్టేస్తే అక్కడ సుద్దతో గీత పెట్టు.

మీ మామ