కుమ్మరి సారె లేని మట్టిపని తరగతి మా అమ్మాయికి ఉపయోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సారె వాడకుండా చేతులతోనే సిరామిక్ పాత్రలు చేయడం నేర్పే ఓ చిన్న స్టూడియోలో వారాంతాల్లో చేరతానంటోంది. కొత్తవాళ్ల కోసమే పెట్టిన తరగతట. సారె కూడా నేర్పని చోట చేరి ఏం లాభం? రేపు ఇది వృత్తిగా నిలబెడుతుందా?

జవాబు: చేరనివ్వండి. డిగ్రీ మాత్రం మానకూడదు. కొన్ని వారాల తరగతి ఎవరికీ వృత్తిని చేతికివ్వదు. ఈ పని తన స్వభావానికి సరిపడుతుందా లేదా అన్నది మాత్రం తేల్చేస్తుంది. ఇప్పుడు మీకు కావలసింది అదే.

సారె లేదని బెంగ వద్దు. తిరిగే సారె నడుమ ముద్దను కదలకుండా నిలపడం పట్టుబడటానికే చాలామందికి వారాలు పడుతుంది. చేతిపనిలో మొదటి రోజే ఓ గిన్నె తయారవుతుంది కనుక మట్టి గుణం త్వరగా తెలిసొస్తుంది. పైగా ఇదేమీ తక్కువరకం విద్య కాదు. నైజీరియాకు చెందిన లాడీ క్వాలీ మట్టిని తాళ్లలా పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి కడవలు చేసేవారు. ఆ దేశపు 20 నైరాల నోటు వెనకవైపు ఆమె బొమ్మ ఉంది. కెన్యాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన మాగ్డలీన్ ఒడుండో పాత్రలూ చేత్తో కట్టినవే. అవి మ్యూజియాల్లో ఉన్నాయి.

తరగతిలో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ముద్దలో బొటనవేలు దింపి, అంచులు నొక్కుతూ గిన్నె చేయడంతో మొదలవుతుంది. తర్వాత చుట్టలతో, పలకలుగా పరిచిన మట్టితో పాత్రలు కట్టడం. రెండు భాగాలు అతికేచోట గీతలు గీకి, నీళ్లతో చిక్కగా కలిపిన మట్టిని పూసి నొక్కాలి. ఒకటి తడిగా, ఇంకొకటి ఆరిపోయి ఉంటే ఎంత గట్టిగా అతికినా నిలవదు. ఆరేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది, తడిగా ఉన్న భాగం ఎక్కువగా కుంచించుకుని అతుకు దగ్గర చీలుతుంది. లోపలి తడి పూర్తిగా పోకముందే కాలిస్తే ఆ నీరు ఆవిరై పాత్రను పేల్చేస్తుంది. మొదటి కాల్పు 1000 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉంటుంది. తర్వాత గ్లేజ్, అంటే కాలాక గాజులా మారే పూత పూసి, స్టోన్‌వేర్ అనే, ఎక్కువ వేడిలో గట్టిపడే మట్టయితే 1200 దాటించి మళ్లీ కాలుస్తారు. ఒక్క కప్పు చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. వచ్చాక దానిలో పగులూ కనబడొచ్చు.

అమ్మాయిని గమనించాల్సింది అప్పుడే. బాధపడటం సహజం. ఆ తర్వాత ఎందుకు పగిలిందో గురువుని అడిగి, అదే పాత్రను మళ్లీ మొదలుపెడుతోందా? చేతి నేర్పు కన్నా నేను దీనికే ఎక్కువ విలువిస్తాను. అందంగా కుదిరిన ఒక్క కప్పు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. అదే కప్పును అదే కొలతలో ఆరుసార్లు చేయగలగడం వృత్తికి మొదటి మెట్టు.

ఆ ఆసక్తి నిలిస్తే దారులున్నాయి, కానీ అన్నిటికీ వేరే చదువు కావాలి. రూపం మీద మనసుంటే సిరామిక్ డిజైన్, ఆ తర్వాత టైల్స్, టేబుల్‌వేర్ తయారీ సంస్థలు. గ్లేజ్ రంగు ఎందుకు మారిందన్న ప్రశ్న వదలకపోతే సిరామిక్ ఇంజినీరింగ్, మెటీరియల్ సైన్స్. సొంత స్టూడియో పెట్టుకున్నవాళ్లలో చాలామంది అమ్మకాల మీదే ఆధారపడరు, పాఠాలు కూడా చెప్తారు. మొదటి ఏళ్లలో ఆదాయం నిలకడగా ఉండదు. డిగ్రీ వదలొద్దన్నది అందుకే.

డబ్బు కట్టేముందు మీరూ ఒకసారి స్టూడియోకు వెళ్లండి. కాల్పు ఎలా జరుగుతుందో నేర్చుకునేవాళ్లకు చూపిస్తారా అని అడగండి. నేలను చీపురుతో ఊడుస్తున్నారా, తడిగుడ్డతో తుడుస్తున్నారా చూడండి. ఎండిన మట్టి ధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఊడ్చే చోటయితే వేరే స్టూడియో వెతకండి.

అమ్మాయిని ఓ నోటుపుస్తకం పెట్టుకోమనండి. ఏ మట్టి, ఎంత మందం, ఎన్నాళ్లు ఆరింది, ఏ గ్లేజ్, ఎంత వేడి, చివరికి ఏమైంది, అన్నీ రాయాలి. పగిలినవాటి ఫొటోలూ అంటించాలి. రేపు ఏదైనా డిజైన్ కోర్సుకు పోర్ట్‌ఫోలియో ఇవ్వాల్సొస్తే, ఆ పుటలనూ అందులో చేర్చమనండి.