పది సెకన్లలో రెండు ఆవర్తనాలు

చిరంజీవి చెల్లెలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన దసరా ఐడెంట్ (కార్యక్రమాల నడుమ చానెల్ తన గుర్తు చూపించే చిన్న చిత్రం) స్క్రిప్టు రెండుసార్లు చదివాను. కూచిపూడి నర్తకి ఇత్తడి పళ్లెం మీద నాట్యం చేస్తుంది, కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది, చివర్లో చానెల్ లోగో ఎగిరొచ్చి కూర్చుంటుంది. మొత్తం పది సెకన్లు. ఊహ మంచిదే. కానీ ఆ నర్తకిని తీసేసి అక్కడ దీపపు సెమ్మె పెట్టినా నీ స్క్రిప్టులో ఒక్క మాట మారదు. అసలు లోపం అదే. మనిషిని తెచ్చి నిలబెడుతున్నామంటే ఆ మనిషి ఒంట్లో ఉన్న లెక్క కాగితం మీదికి రావాలి. లోగో ఆ లెక్కకు ముక్తాయింపులా పడాలి. ఎక్కడి నుంచో ఎగిరొచ్చి అతుక్కోకూడదు.

ముందు లెక్క చూద్దాం. మన ప్రసారం సెకనుకు 25 ఫ్రేములు. పది సెకన్లంటే 250 ఫ్రేములు. పాట వేగం నిమిషానికి 100 దెబ్బలు పెట్టుకుంటే ఒక్కో దెబ్బకు సరిగ్గా 15 ఫ్రేములు వస్తాయి. పదహారు దెబ్బలకు 240. అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళం రెండు ఆవర్తనాలు (చుట్లు) పూర్తయి, ఇంకా పది ఫ్రేములు మిగులుతాయి. లోగో కదలకుండా నిలబడటానికి అవి చాలు. ఐదు సెకన్ల పొట్టి రూపం కావాలంటే ఒక ఆవర్తనం, 120 ఫ్రేములు, మిగిలేవి ఐదు. మూడు సెకన్ల బంపర్‌కు (ప్రకటనల ముందూ వెనకా వేసే చిన్న ముక్కకు) నాలుగు దెబ్బలు, 60 ఫ్రేములు, మిగిలేవి పదిహేను. వేగం 96 పెట్టినా పదహారు దెబ్బలు పది సెకన్లలో అచ్చంగా సరిపోతాయి. కానీ దెబ్బ ఫ్రేము మధ్యలో పడుతుంది, లోగో నిలబడటానికి ఒక్క ఫ్రేము మిగలదు. స్క్రిప్టులో "లయబద్ధంగా" అని రాస్తే ఎడిటర్‌కు ఏమీ తెలియదు. "వేగం 100, తొమ్మిదో దెబ్బకు కోత (షాటు మార్పు), పదహారో దెబ్బకు అడుగు, అక్కడే లోగో" అని రాస్తే సంగీతం చేసేవారు, నట్టువాంగం చేసేవారు (తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపించేవారు), గ్రాఫిక్స్ వాళ్లు ముగ్గురూ ఒకే కాగితం చూసి పని చేసుకుంటారు.

దీనికి చూడదగ్గ ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. బీబీసీ వన్ 1963 నుంచి ఏదో ఒక రూపంలో భూగోళాన్నే గుర్తుగా చూపిస్తూ వచ్చింది. 2002 మార్చిలో దాన్ని పక్కనపెట్టి నాట్యాలకు మారింది. బ్రెజిల్ కపోయిరా, బ్యాలే, న్యూజిలాండ్ మావోరీల హాకా, చక్రాల కుర్చీల్లో కూర్చున్నవాళ్ల నాట్యం, ఇలా ఎన్నో. వాటన్నిటినీ ఒక్క చానెల్‌గా కట్టినవి రెండే: ఎరుపు రంగు, ఒకే బాణీ. ఆ బాణీనే ప్రతి నాట్యానికీ దాని వాయిద్యాలతో, దాని లయలో మళ్లీ కట్టారు. 2006 అక్టోబరు దాకా అవే నడిచాయి. అయితే ఒక తేడా గుర్తుంచుకో. అక్కడ ఐడెంట్ మీద అనౌన్సర్ గొంతు వస్తుంది, తర్వాతి కార్యక్రమం ఏమిటో చెబుతుంది. అందుకని నడుమ భాగం మెత్తగా, ఎంతసేపు సాగదీసినా విసుగు రాకుండా ఉండాలి. మన దగ్గర ఎక్కువగా అలా గొంతు రాదు, పది సెకన్లలోనే ఎత్తుగడ, ముగింపు రెండూ పడాలి. వాళ్ల నుంచి బాణీ పద్ధతి తీసుకో, నిడివి పద్ధతి మాత్రం వద్దు.

ఇక పళ్లెం సంగతి. ఇదొక్కటి దగ్గరగా చూస్తే మిగతావి నీకే తెలుస్తాయి.

తరంగంలో, అంటే కూచిపూడిలో పళ్లెం మీద చేసే అంశంలో, నర్తకి రెండు పాదాల వేళ్లతో పళ్లెం అంచును పట్టి, మడమల బరువును అటూ ఇటూ మారుస్తూ దాన్ని నేల మీద కదుపుతుంది. పది సెకన్లలో అది ఎక్కువ దూరం పోదు. నువ్వు కెమెరాను ఆమె చుట్టూ తిప్పితే పళ్లెం కదిలిందో కెమెరా కదిలిందో చూసేవాడికి తెలియదు. ఆమె ఏళ్ల సాధన ట్రాలీ కదలికలో కలిసిపోతుంది. కాబట్టి కెమెరాను కదపకు. చీలమండ ఎత్తులో పెట్టు. వెనక నేల మీద ముగ్గు గీత ఒకటి కనిపించాలి. పళ్లెం ఆ గీత దాటితేనే అది కదిలిందని కంటికి ఆనుతుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు నిలువెత్తు షాట్‌లో పళ్లెం అసలు కనబడదు. నీ మొదటి ఎనిమిది దెబ్బలు పాదాలకే ఇచ్చెయ్.

నేల ఎలాంటిదో స్క్రిప్టులోనే రాయాలి. స్టూడియోలో నిగనిగలాడే నేల మీద పళ్లెం జారిపోతుంది. గరుకు సిమెంటు మీద పట్టేసి కీచుమంటుంది, నర్తకి ముందుకు తూలుతుంది. మెరుపు లేని ప్లైవుడ్ పలకలు పరిచి, అతుకులు టేపుతో మూయిస్తే మంచిది. ఏ నేలైనా చివరి మాట ఆమెదే. షూటింగ్‌కు ముందురోజే ఆమె వచ్చి పళ్లెంతో నడిచి చూసేలా ఏర్పాటు చెయ్యి. ఇత్తడి అద్దంలాంటిది, లైట్లన్నీ అందులో చుక్కలుగా కనిపిస్తాయి. మెరుపు తగ్గించడానికి స్ప్రే కొడతామంటారు. పళ్లెం పక్కలకు కొడితే ఫరవాలేదు, వేళ్లు పట్టే అంచుకు తగలనివ్వకూడదు, జారుతుంది. అంతకన్నా మేలు లైటుకు ఎదురుగా నల్లగుడ్డ కట్టి ఆ ప్రతిబింబాన్నే చంపేయడం.

తలమీద నీళ్ల చెంబు కూడా పెట్టించాలని నీకు అనిపిస్తుంది. పెట్టించు, కానీ ప్రతి టేకూ ఆ బరువుతోనే అవుతుందని గుర్తుపెట్టుకో. రిహార్సల్స్‌లో చెంబు లేకుండా, సగం ఊపుతో, అడుగులు గుర్తుపట్టడానికే చేయించాలి. పూర్తి ఊపు టేకుల కోసం దాచాలి. ఇంకో సంగతి: జతి (తాళానికి గబగబా వేసే అడుగుల వరస) దూకుడుగా చేశాక ముగింపు భంగిమలో నిలబడితే ఛాతీ ఎగసిపడుతుంది. దగ్గరి షాట్‌లో ఆ ఆయాసమే కనిపిస్తుంది, దాని పక్కన లోగో వస్తుంది. అందుకని ముగింపు భంగిమ ఉదయమే, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు విడిగా తీయమని రాయి. కుడివైపు మూడోవంతు ఖాళీ వదలాలి, లోగో కూర్చునే చోటు అదే. కళాకారిణి లేని ఖాళీ ఫ్రేము కూడా ఒకటి తీసిపెట్టమను. గ్రాఫిక్స్ వాళ్లు సాయంత్రం అడిగేది అదే.

స్లో మోషన్ రాస్తున్నప్పుడు ఒక్క క్షణం ఆగు. సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25తో చూపిస్తే కాలం రెట్టింపవుతుంది. దెబ్బకు అడుగు కలవాలంటే సెట్‌లో పాటను 200 వేగంతో వెయ్యాలి, ఆమె ఆ వేగంతో ఆడాలి. పళ్లెం మీద అది ప్రమాదం. స్లో మోషన్‌ను చెంబు నుంచి తొణికే నీటిచుక్కకో, చీర కుచ్చిళ్లకో ఉంచు, అడుగులకు వద్దు. వేగం 60 ఫ్రేములని ఎవరైనా అంటే లైట్లు చూసుకోమని చెప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు బొమ్మలో రెపరెపలాడతాయి.

గజ్జెల చప్పుడు సెట్‌లో తీసింది వాడుకోలేం, ప్లేబ్యాక్ పాట అందులో కలిసిపోతుంది. షూటింగ్ అయ్యాక పాట ఆపి, అదే నేల మీద, అదే అడుగులు గజ్జెలతో ఇంకోసారి వేయించి శబ్దం మాత్రం రికార్డు చెయ్యాలి. పావుగంట పని. అందరూ మర్చిపోయేదీ ఇదే. ఆ తర్వాత ఎక్కడిదో గజ్జెల శబ్దం అతికిస్తారు, నాట్యం తెలిసినవాళ్లకు ఆ అబద్ధం వెంటనే వినబడుతుంది.

గుంపుతో చేసేవాటికి చిక్కులు వేరు. కోలాటానికి సరిసంఖ్య కావాలి. పదహారు మందిలో ఒక్కరు రాకపోతే జత చెడుతుంది, వరసే చెదురుతుంది. ఇద్దరిని అదనంగా పిలిపించమని రాయి, వాళ్లకూ పూర్తి పారితోషికం ఇవ్వాలి. డప్పు బృందానికి చర్మం కాచుకోవడానికి మంట కావాలి, చల్లటి ఏసీ ఫ్లోర్‌లో అది కుదరదు, పొగ అలారం మోగుతుంది. బయట చోటు, కాచాక తిరిగి రావడానికి సమయం రెండూ షెడ్యూల్‌లో ఉండాలి. ఊపు పెరిగేకొద్దీ డప్పు వేగం పెరుగుతుంది, అది ఆ కళ సహజ గుణం. ముందుండి నడిపించేవారి చెవిలో మాత్రం క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) పెడితే చాలు, మిగతావాళ్లు ఆయన్ని చూసి వాయిస్తారు.

బతుకమ్మ ఐడెంట్‌ను జూన్‌లో తీస్తామంటారు, పండక్కి ముందే సిద్ధంగా ఉండాలని. అప్పుడు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? కాగితం పూలు పెడితే తెలంగాణలో ప్రతి ఇంట్లోనూ కనిపెడతారు. ముందు ఏడాది పండగలోనే తీసి దాచుకోవడం ఒక్కటే దారి. అప్పుడైనా మూడు బతుకమ్మలు పేర్పించు: ఒకటి లైటింగ్ సరిచూసుకోవడానికి, ఒకటి షాట్‌కు, ఒకటి నీడలో తడిగుడ్డ కింద. లైట్ల వేడికి పూలు త్వరగా వాలిపోతాయి.

నెమలీకల టోపీతో ఆడే గుస్సాడీ నాట్యాన్ని మాత్రం వేషంగా వాడుకోవాలన్న ఆలోచన మానుకో. ఆదిలాబాద్ గోండులకు అది దండారి పండగ నాటి దీక్ష, ఆ నెమలీకల టోపీకి పూజ ఉంటుంది. కావాలంటే పండగ రోజుల్లో ఊరి పెద్దలను అడిగి, వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడి నుంచే తీయాలి. స్టూడియోకు పిలిపించి పచ్చతెర ముందు ఆడించడం నాకు సమ్మతం కాదు.

కాగితాల విషయం రచయితకు ఎందుకనుకోకు. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద ప్రదర్శన మీద కళాకారుడికి 50 ఏళ్ల హక్కు ఉంది. 2012 సవరణతో వచ్చిన 38బి కింద తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన కళను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఉన్నాయి. నిడివి కోసం కోయడం వక్రీకరణ కిందికి రాదు. పది సెకన్లలో పేరు వేసే చోటు ఉండదు కాబట్టి యూట్యూబ్‌లో పెట్టినప్పుడు కింద రాయించు. ఐడెంట్ ఎన్నాళ్లు, ఏ చానెళ్లలో, ఫోన్లలో కూడానా అన్నది ఒప్పందంలో తెలుగులోనే ఉండాలి, వాళ్లు చదువుకుని సంతకం పెట్టాలి. పిల్లలుంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకు ఐదు గంటలకు మించకూడదు, ఏకధాటిగా మూడు గంటలు దాటకూడదు, వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ల పేరిట డిపాజిట్ చెయ్యాలి.

ఇప్పుడు నీ స్క్రిప్టు మళ్లీ రాయి. పేజీని నిలువుగా రెండు గళ్లు చెయ్యి. ఎడమ గడిలో ఒకటి నుంచి పదహారు దాకా దెబ్బలు, కుడి గడిలో ప్రతి దెబ్బకూ ఆమె ఒంట్లో కదిలేది ఏమిటి, కెమెరాకు కనబడేది ఏమిటి. పదహారో దెబ్బకు కుడి పాదం పళ్లెం దిగి నేలను తాకాలి. ఆ తాకిన చోటే ముగ్గు గీత లోగోగా విచ్చుకోవాలి. రాయడానికి ముందు ఒక నర్తకి దగ్గర కూర్చుని ఆ పదహారు దెబ్బలూ చేతితో తాళం వేస్తూ చూడు, ఏ దెబ్బ దగ్గర ఆమె ఊపిరి తీసుకుంటుందో గుర్తుపెట్టుకో. అక్కడే కోత పెట్టాలి. శుక్రవారంలోగా పంపితే శనివారం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య