అద్దెకున్నాయన విషం డ్రమ్ములు వదిలేసి వెళ్లిపోయాడు... బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాకు బాలానగర్‌లో ఒక చిన్న ఇండస్ట్రియల్ షెడ్డు ఉంది. మావారు పోయాక దాని అద్దె మీదే బతుకుతున్నాను. పదకొండేళ్లుగా ఒకాయన అందులో క్రోమ్, జింక్ ప్లేటింగ్ పని నడిపేవారు. మూడు నెలల అద్దె ఎగ్గొట్టి, పోయిన నెల తాళాలు మా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లిపోయారు. ఫోన్ ఎత్తడం లేదు. లోపల 26 ప్లాస్టిక్ డ్రమ్ములు, రెండు తొట్లలో పసుపు రంగు నీళ్లు, నలభై దాకా ఆకుపచ్చ బురద బస్తాలు ఉన్నాయి. ఒక డ్రమ్ము కారుతోంది. దాన్ని పక్కకు జరపబోతే వాచ్‌మన్ చేతి మీద పుండు లేచింది. పాత సామాన్లాయన మొత్తం 40 వేలకు కొంటానంటున్నాడు. ఇంకొకాయన 15 వేలిస్తే రాత్రికి రాత్రే ట్యాంకర్‌తో ఖాళీ చేయిస్తానంటున్నాడు. మా అబ్బాయేమో నీళ్లు కొట్టి కడిగించేద్దాం అంటున్నాడు. అద్దెకు వస్తామన్నవాళ్లు తొందరపెడుతున్నారు. ఆ చెత్త మాది కాదు కదా, అయినా కేసు నాకు చుట్టుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, చట్టం సంగతి ఒక్క నిమిషం పక్కన పెడదాం. ముందు ఆ షెడ్డుకు తాళం వేయించి, ఎవరినీ లోపలికి పోనివ్వకండి. కడిగించడం మాత్రం వద్దే వద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. జింక్ ప్లేటింగ్‌లో, అంటే ఇనుముకు జింక్ పూత పూసే పనిలో, చాలాచోట్ల సయనైడ్ ద్రావణం వాడతారు. ఇనుము మీద తుప్పు వదలగొట్టడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆ పక్కనే ఉంటుంది. నీళ్లు కొట్టి కడిగినప్పుడు ఈ రెండూ ఒకే కాలువలో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న షెడ్డులో అది నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. పసుపు నీళ్లు బహుశా క్రోమిక్ యాసిడ్. దాన్ని గోనెసంచులతో, రంపపు పొట్టుతో అద్దితే అంటుకుని మండే ప్రమాదం ఉంది. కారే డ్రమ్మును ముట్టుకోకుండా, గుమ్మం బయటే పొడి ఇసుక కట్టలా పోయించండి, వీధి కాలువలోకి పోకుండా ఉంటుంది. ఘాటైన వాసనో పొగో వస్తే ఫైర్ స్టేషన్‌కు 101కి ఫోన్ చేయండి. వాచ్‌మన్‌ను ఈరోజే ఆసుపత్రికి పంపండి. ఏదో గాయం అనకుండా, 'క్రోమ్ ప్లేటింగ్ డ్రమ్ము ముట్టుకున్నాడు' అని డాక్టరుకు చెప్పించి, ఆ మాట చీటీలో రాయించుకోండి. క్రోమియం పుండు పైకి చిన్నగా కనిపించినా లోపలికి తొలుచుకుపోతుంది.

ఇప్పుడు మీరడిగిన విషయానికి వస్తాను.

'చెత్త మాది కాదు కదా' అన్నారు. న్యాయంగా అది నిజమే, ఆ వ్యర్థాలను పుట్టించినవాడే వాటికి మొదటి బాధ్యుడు. కానీ మన దేశంలో ఇలాంటి వాటికి వర్తించే 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనల్లో 'ఆక్యుపయర్' అనే మాట ఉంది. ఆవరణ ఎవరి అదుపులో ఉందో వాళ్లు ఆక్యుపయర్. ఆ వ్యర్థాలు ఎవరి స్వాధీనంలో ఉన్నాయో వాళ్లు కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు. తాళాలు మీ వాచ్‌మన్ చేతికి వచ్చిన రోజు నుంచి స్వాధీనం మీదేనని ఎవరైనా వాదించడానికి ఇది చాలు. అలాగని భయపడిపోకండి. మీరు తయారు చేయలేదు, దాచలేదు, లాభపడలేదు. తెలిసిన వెంటనే మీరేం చేశారన్నదే రేపు అధికారులైనా ట్రైబ్యునలైనా మొదట చూస్తారు. అందుకే ఈ వారంలో మీరు పెట్టే ఒక అర్జీ, దాని మీద పడే ముద్ర, మీకు పెద్ద రక్షణ.

ముందు అది నిజంగా ప్రమాదకర వ్యర్థమేనా అని తేల్చుకోవాలి. చట్టంలో దీనికి రెండు దారులున్నాయి. ఏ పనిలోంచి పుట్టిందో చూడటం మొదటిది. నిబంధనల మొదటి షెడ్యూల్లో పరిశ్రమల పనులు వరుస నంబర్లతో ఉంటాయి. లోహాలకు పూత పూయడం, తుప్పు వదలగొట్టడం లాంటివన్నీ 12వ అంశం. వాడేసిన యాసిడ్, సయనైడ్ లేదా విష లోహాలున్న బాత్ (పూత పూసే తొట్టిలోని ద్రావణం), ప్లేటింగ్ బురద అన్నీ అందులోనే ఉన్నాయి. మురుగు శుద్ధిలో మిగిలే రసాయన బురదకు 35.3 అని వేరే నంబరు ఉంది. మీ ఆకుపచ్చ బస్తాలు బహుశా అవే. కాబట్టి ఇది ప్రమాదకరం అని మీరు రుజువు చేయనక్కర్లేదు. కాదు అనేవాళ్లే పరీక్ష చేయించి చూపించాలి. రెండో దారి ల్యాబ్ పరీక్ష. బురదను ఆమ్ల ద్రావణంలో నానబెట్టి, ఎంత లోహం ఆ ద్రావణంలోకి దిగుతుందో కొలుస్తారు. ఊరిన ద్రవంలో లీటరుకు సీసం 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1, పాదరసం 0.2 చేరితే అది ప్రమాదకరం. ఈ శాంపిల్ మీరు తీయించకండి. కాలుష్య నియంత్రణ మండలి (బోర్డు) అధికారులు పంచనామా రాసి తీసిందే రేపు కోర్టులో నిలుస్తుంది.

ఆ పసుపు నీళ్లను ఎందుకింత సీరియస్‌గా తీసుకోమంటున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. క్రోమ్ ప్లేటింగ్ తొట్టిలో మామూలుగా లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్ కలుపుతారు. అందులో సగానికి కాస్త ఎక్కువ క్రోమియమే. తాగే నీటిలో మన దేశపు ప్రమాణం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. అంటే అసలు బాత్ ఒక్క లీటరు పారబోస్తే దాదాపు 25 లక్షల లీటర్ల నీరు తాగడానికి పనికిరాకుండా పోవచ్చు. అదీ క్యాన్సర్ కారకమని తేలిన హెక్సావలెంట్ క్రోమియం. రాత్రి ట్యాంకరాయన దాన్ని ఎక్కడికి తీసుకెళ్తాడు? ఆ చుట్టుపక్కల నాలాలోకి వదిలితే కూకట్‌పల్లి నాలా మీదుగా హుస్సేన్‌సాగర్‌లోకి పోతుంది. ఊరి బయటికి తీసుకెళ్తే ఏ చెరువు గట్టునో వదులుతాడు. మీరిచ్చే 15 వేలు ఆ నేరంలో మీ వాటా అవుతుంది. విష పదార్థాలతో నిర్లక్ష్యంగా వ్యవహరించడం భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద నేరం. పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే 2024 ఏప్రిల్ నుంచి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. జరిమానా గడువులో కట్టకపోతే జైలు కూడా ఉంది.

పాత సామాన్లాయన బేరం ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి మామూలు అమ్మకంలా కనిపిస్తుంది. విష రసాయనాలు నిలవ ఉంచిన డ్రమ్ము ఖాళీ అయినా, మొదటి షెడ్యూల్లోని 33.1 కింద ప్రమాదకర వ్యర్థమే. పైపైన కడిగిన నీలం డ్రమ్ములు చివరికి ఎక్కడ తేలతాయో నేను చూశాను. కొన్నేళ్ల కింద ఒక కేసు పని మీద వెళ్లినప్పుడు, కట్టుబడి కూలీల గుడిసె ముందు అలాంటి డ్రమ్ములో తాగే నీళ్లు నింపి ఉన్నాయి. సగం చిరిగిన లేబుల్ మీద పుర్రె గుర్తు ఇంకా కనిపిస్తోంది. ఒక పాప అందులో చెంబు ముంచుతోంది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. 40 వేల కోసం ఆ డ్రమ్ములు అమ్మకండమ్మా.

మరి ఏం చేయాలి? రేపే మీ ప్రాంతపు కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. భాష సాదాగా ఉంటే చాలు. 'ఫలానా తేదీన షెడ్డు తాళాలు నాకు వచ్చాయి. లోపల ఇన్ని డ్రమ్ములు, ఇన్ని బస్తాలు ఉన్నాయి. ఇవి అద్దెకున్న ఫలానా సంస్థ ప్లేటింగ్ పనిలోంచి వచ్చినవి. వీటిని నేను కదిలించలేదు, వాడుకోలేదు. దయచేసి తనిఖీ చేసి, శాంపిళ్లు తీసి, అతని ఖర్చుతో తొలగించమని ఆదేశించండి. అలా కుదరకపోతే ఒక్కసారికి తరలించడానికి నాకు అనుమతి ఇవ్వండి, ఖర్చు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు నాకు ఉంచండి.' అద్దె ఒప్పందం నకలు, తేదీ కనిపించే ఫొటోలు జత చేయండి. ఫొటోలు గుమ్మం దగ్గర నుంచే తీయించండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోకుండా మాత్రం రాకండి. ఆలస్యం చేయవద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఇలాంటి వ్యర్థాలను మామూలుగా 90 రోజులకు మించి నిలవ ఉంచకూడదు.

దానితో పాటు అదే కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ప్లేటింగ్ యూనిట్లు బోర్డు అనుమతి లేకుండా నడపకూడదు. ప్రతి ఏడాది జూన్ 30లోగా ఎంత వ్యర్థం పుట్టింది, ఎంత పంపాం అని ఫారం 4లో లెక్క చెప్పాలి. అతని అనుమతి పత్రం, ఈ పదకొండేళ్ల ఫారం 4లు అడగండి. ఏటా రెండు బస్తాలే వచ్చాయని రాసి, షెడ్డులో నలభై బస్తాలు వదిలాడనుకోండి, ఆ కాగితమే అతని మీద మీకు బలమైన సాక్ష్యం. అసలు అనుమతే తీసుకోలేదని తేలితే మీ కేసు ఇంకా సులువవుతుంది.

తరలింపు మీ మీదే పడితే సరుకు దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికే వెళ్లాలి. వాళ్లు ముందు శాంపిల్ పరీక్షించి, బురదను సున్నం, సిమెంటులాంటి వాటితో గట్టిపరిచి, అడుగున పొరలు పరిచిన గుంతలో పూడుస్తారు. లారీ కదిలేముందు మానిఫెస్ట్, అంటే సరుకు ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో చెప్పే రవాణా పత్రం, రాయాలి. ఏడు రంగుల్లో ఏడు ప్రతులుంటాయి. తెల్లది బోర్డుకు, పసుపుది మీ దగ్గరే. సరుకు చేరాక ఆ కేంద్రం నుంచి నీలం ప్రతి మీకు తిరిగి రావాలి. అది చేతికొచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఇక అతని దగ్గర వసూలు. షెడ్డు ఖాళీ చేసి వెళ్లినంత మాత్రాన అతని బాధ్యత పోదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి బిచ్ఛ్రి గ్రామంలో హెచ్-యాసిడ్ అనే రంగుల రసాయనం తయారు చేసిన ఫ్యాక్టరీలు మూతపడ్డాయి గానీ వాళ్లు వదిలిన బురద బావుల్లోకి దిగింది. కలుషితం చేసినవాడే బాగుచేయించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కట్టకుండా ఏళ్ల తరబడి సాగదీస్తే 2011లో 37 కోట్లకు పైగా సొమ్మును చక్రవడ్డీతో కట్టమంది. మీ కేసుకూ అదే సూత్రం వర్తిస్తుంది. అతని ఇంటి చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు పంపించండి. అడ్వాన్సు ఉంటే తిరిగి ఇవ్వకండి, దేనికి ఎంత మినహాయించుకున్నారో నోటీసులో రాయించండి. అద్దె బకాయికి కోర్టుకు వెళ్లాలంటే మూడేళ్ల గడువుంది. క్లెయిమ్ 3 లక్షలు దాటితే అది వాణిజ్య వివాదం అవుతుంది. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. నేల, భూగర్భ జలం పాడైనదానికి పరిహారం మాత్రం సివిల్ కోర్టు ఇవ్వదు. దానికి చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లాలి, గడువు అయిదేళ్లు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇప్పుడే తాళం ఇవ్వకండి. ప్లేటింగ్ షెడ్లలో గచ్చు పగుళ్లలోంచి క్రోమియం మట్టిలోకి దిగి ఉంటుంది. డ్రమ్ములు పోయాక కూడా గచ్చు మీద, గోడ అడుగున పసుపు చారలు కనిపిస్తే అదే గుర్తు. ఆవరణలో బోరు ఉంటే ఆ నీళ్లు ఈరోజు నుంచే ఆపేసి, మట్టితో పాటు వాటినీ పరీక్షించమని అర్జీలో ఒక వాక్యం కలపండి.