కొబ్బరి కింద ఫుట్‌బాల్ లిల్లీకి మసి పట్టిందా? మందు కొట్టే ముందు పైకి చూడండి

కొబ్బరి చెట్టు కింద కుండీలో ఉన్న ఫుట్‌బాల్ లిల్లీ (ఎర్రటి బంతిలాంటి పువ్వు పూసే దుంప మొక్క) ఆకులు జిగటగా మారి మసి పట్టాయనీ, ఈ ఏడాది పువ్వు రాలేదనీ, ఏ పురుగుమందు కొట్టాలనీ అడిగారు. దయచేసి ఏ పురుగుమందూ కొట్టకండి. లిల్లీ ఆకును తిప్పి అడుగున చూడండి. అక్కడ పురుగేమీ లేకపోతే తలెత్తి కొబ్బరి మట్టలు చూడండి. ఈనెలకు రెండు పక్కలా తెల్లటి దూది అంటించినట్టు, గుండ్రంగా చుట్టలు చుట్టినట్టు కనబడితే అది రూగోస్ తెల్లదోమ అనే రసం పీల్చే పురుగు.

మాది కోనసీమ. పెరట్లో కొబ్బరి నీడనే ఫుట్‌బాల్ లిల్లీ, యూకారిస్ లిల్లీ పెంచుతున్నాం కాబట్టి ఈ బాధ బాగా తెలుసు. ఈ దోమ మన దేశపుది కాదు. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో మొదట కనబడింది, ఆ తర్వాత మన గోదావరి జిల్లాలకూ పాకింది. కొబ్బరి ఒక్కటే కాదు, అరటి, జామ ఆకుల మీదా ఉంటుంది. ఆకు రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది. ఆ జిగురు కింద ఉన్న ప్రతి ఆకు మీదా సన్నటి తుంపరలా పడుతుంది. దాని మీద పెరిగే బూజే మీరు చూస్తున్న మసి. అంటే మీ లిల్లీకి వచ్చింది రోగం కాదు, పైనుంచి రాలిన మురికి.

అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ఫుట్‌బాల్ లిల్లీ ఏడాదికి ఒక్కసారే, వేసవి చివర పూస్తుంది. వానాకాలమంతా ఆకులు ఎండను పట్టి వండుకున్న ఆహారమే దుంపలోకి దిగి వచ్చే ఏటి పువ్వవుతుంది. ఆకు మీద నల్లటి పొర ఉంటే ఆ పని కుంటుపడుతుంది. అందుకే మా ఇంట్లో ఆ నాలుగు నెలలూ తడి గుడ్డతో ఆకులు తుడవడం మానం. కుండీలు ఎక్కువుంటే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టినా చాలు. ముదిరిన మసికి లీటరు నీటికి 10 గ్రాముల మైదా కలిపి కాచిన పల్చటి గంజి చల్లండి. ఎండాక పొరలుగా ఊడిపోతూ మసినీ తీసుకుపోతుంది. లిల్లీ ఆకు అడుగునే దోమ కాపురం పెడితే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టండి. అంతకు మించి వద్దు.

రసాయన మందు ఎందుకు వద్దంటున్నానంటే, ఈ దోమకు శత్రువు మన దేశంలోనే ఉంది. ఎన్‌కార్సియా గ్వాడలూపే అనే కంటికి ఆనీఆనని కందిరీగ జాతి పురుగు అది. దోమ పిల్లల్లో గుడ్డు పెడుతుంది, లోపలి పిల్ల దోమను తినేస్తుంది. అలా తిన్న దోమ పిల్లలు నల్లబడి, వాటి వీపు మీద గుండ్రటి బెజ్జం కనిపిస్తుంది. భూతద్దం ఉంటే తప్పక చూడండి, చూసినవాళ్ళకి ఇక మందు డబ్బా పట్టుకోవాలనిపించదు. ఘాటైన మందులు కొట్టిన తోటల్లో ముందు చచ్చేది ఈ మిత్ర పురుగులే, దోమ మళ్ళీ పుంజుకుంటుంది. మా వీధిలోనే చూశాను. మందు కొట్టించిన పెరట్లో రెండో విడత దోమ ముందుకన్నా ఎక్కువైంది.

ఇది మనకు కొత్త పాఠమేమీ కాదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన బొప్పాయి పిండినల్లి ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన అసెరోఫేగస్ పపాయే అనే పరాన్నజీవి దాన్ని అదుపులో పెట్టింది.

కాబట్టి నల్లబడిన దోమ పిల్లలున్న కొబ్బరాకు ముక్కలు కనబడితే తగలబెట్టకండి. వాటిని కొత్తగా దోమ పట్టిన చెట్టుకు కట్టండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ దోమను తినే అపెర్టోక్రైసా అస్టర్ అనే పురుగునూ, దోమను చంపే ఐసేరియా శిలీంధ్రాన్నీ (ఒక రకం బూజు) తయారుచేస్తారు. దగ్గరివాళ్ళయితే వెళ్ళి అడగండి. కొబ్బరి చెట్టు ఈ దోమతో చచ్చిపోదు, భయపడి నరికించవద్దు. గట్టి వానలు పడితే దోమ దానంతటదే తగ్గుతుంది.

ఒక్క మాట, పువ్వు రాకపోవడానికి మసి ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఫిబ్రవరిలో దుంపను పెద్ద కుండీలోకి మార్చామని రాశారు. ఫుట్‌బాల్ లిల్లీకి వేళ్ళు కదిలిస్తే కోపం. ఇరుకు కుండీలోనే బాగా పూస్తుంది. దుంప మెడ మట్టి పైకి కనబడాలి, లోతుగా పాతితే ఆకులే వస్తాయి. ఇప్పుడు మళ్ళీ తవ్వకుండా, మెడ చుట్టూ ఉన్న మట్టి మాత్రం వేళ్ళతో తీసేయండి. చలికాలంలో ఆకులు పండిపోగానే నీళ్ళు ఆపేసి, కుండీని వాన తగలని చోట పెట్టండి. ఏప్రిల్‌లో మొగ్గ ముక్కు బయటికి వచ్చాకే నీళ్ళు మొదలుపెట్టాలి. దుంప, ఆకు రెండూ విషం, ఇంట్లో పసిపిల్లలో కుక్కపిల్లో ఉంటే కుండీ ఎత్తు మీద ఉంచండి.