కడపలో చదువుతూ సముద్రపు బ్యాక్టీరియా మీద ప్రాజెక్ట్ చేయొచ్చా? దాంట్లో యాంటీబయాటిక్ దొరుకుతుందా?

నిక్షేపంగా చేయొచ్చు. నేనూ కడపలోనే ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివాను, మా ప్రాజెక్టూ ఇదే. సముద్రం దూరమన్నది సాకు. అసలు చిక్కు మన కాలేజీల తొందరతోనే.

మేం నెల్లూరు దగ్గర మైపాడు తీరం నుంచి శాంపిల్ తెచ్చుకున్నాం. ఒడ్డు ఇసుక కాదు, ఆటుపోట్లకు ఉప్పునీళ్లు వచ్చిపోయే చోట నల్ల బురద. థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టి బస్సెక్కితే, కండక్టర్ చేపలనుకుని లగేజీ టికెట్ కొట్టాడు. ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరగడానికి వేసే మేత, స్టార్చ్ కేసిన్ అగార్‌ను సముద్రపు నీళ్లతోనే కలిపాం. ముందు మామూలు బ్యాక్టీరియా జిగటగా కమ్మేసింది. వారం దాటాకగానీ మేం వెతుకుతున్న స్ట్రెప్టోమైసిస్ లాంటివి కనబడలేదు: సున్నం చల్లినట్టు పొడిపొడిగా, లూప్‌ (తీగ కొక్కెం)తో గీకినా ఊడిరాని తెల్లటి చుక్కలు. మూత కాస్త ఎత్తితే తొలకరి మట్టి వాసన. స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాసన అది.

వాటిలో ఒకటి, పుండ్లలో చీము పట్టించే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ప్లేటు మీద చుట్టూ తేటగా వలయం వేసింది, అంటే అంతమేరా స్టెఫైలోకాకస్ పెరగలేదు. ఇక ల్యాబంతా పండగే! స్కేలుతో కొలిచారు, ఫోటో తీశారు, రికార్డులో 'నావెల్' (సరికొత్తది) అని రాయించి సంతకం పెట్టేశారు. లోపలున్న పదార్థం ఏంటని ఒక్కరూ అడగలేదు. ఈ జాతి నుంచే వచ్చిన స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1943లోనే దొరికింది. అదే మళ్లీ దొరికినా వలయం అలాగే పడుతుంది కదా! కొత్తదో పాతదో తేలాలంటే పదార్థం అణువు బరువు, నిర్మాణం చెప్పే మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఎన్ఎంఆర్ పరీక్షలు చేయాల్సిందే. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు బురదలో దొరికిన బ్యాక్టీరియా నుంచి అబిస్సోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు. బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లం తయారుచేసుకోకుండా అది అడ్డుపడుతుంది, మందులకు లొంగని స్టెఫైలోకాకస్ మీదా పనిచేసింది. అంతటిదే ఇప్పటికీ మందుల షాపుకు రాలేదు.

ఉన్న మందులనైనా మిగుల్చుకుంటున్నామా? జలుబంటే చాలు, చీటీ లేకుండానే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రెండు మాత్రలు కత్తిరించి చేతిలో పెడతారు. ఇలా వాడితే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా పోతుంది. మన ప్లేట్లలో వలయాలు ఎన్ని పడితే ఏం లాభం?

సరే, మీ సంగతి. ఈ సముద్రపు బ్యాక్టీరియాను 28 డిగ్రీల దగ్గర పెంచాలి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుందే గానీ చల్లబరచదు, మన ఎండాకాలం చూస్తే 40 దాటుతుంది. చల్లబరచగలిగే బీఓడీ ఇంక్యుబేటర్ ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే నవంబరులోనే మొదలుపెట్టండి. మంచి కల్చర్లను (పెంచిన బ్యాక్టీరియాను) గ్లిజరాల్‌లో గడ్డకట్టించి దాచి ఒక సెట్ బయట ఇంకో ల్యాబ్‌లో పెట్టించండి. మావి వైవా అయిన మర్నాడే ఆవిరి వేడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో పడేసి ప్లేట్లు కడిగేశారు.